నిటారుగా నిలబడ్డ చెర్రీ చెట్టు

ఆయన్ని ఊళ్ళో ముప్పాతికమంది "గడ్డంపైకి" అనే పిలిచేవారు. ఇరవై రెండేళ్ళు ఫోటో స్టూడియో నడిపిన మనిషి. తెర ముందు స్టూలు మీద కూర్చున్న ప్రతివాళ్ళకీ ఆయన చెప్పే మొదటిమాట "గడ్డం కొంచెం పైకి". రెండోది "తల ఇటు... చాలు, చాలు. కదలకండి". వంకరగా కూర్చున్న మనిషిని చూస్తే ఆయనకి ప్రాణం ఒప్పేది కాదు. పెళ్ళికొడుకు భుజం అంగుళం వాలినా వెళ్ళి సర్ది వచ్చేవాడు. నెలల బిడ్డకి మెడ నిలవకపోతే తల్లిచేత వెనకనుంచి పట్టించేవాడు. "ఫోటోలోనైనా మనిషి నిటారుగా ఉండాలి. బతుకులో ఎలాగూ కుదరదు" అనేవాడు, నవ్వకుండా.

ఫోన్లొచ్చి స్టూడియో మూతపడ్డాక, ఊరి చివర వాతావరణ పరిశీలన కేంద్రంలో ఆయనకో పని దొరికింది. ఆవరణలో ఒక అడవి చెర్రీ చెట్టుంది. వసంతం మొదలైన నాటినుంచి పూత రాలిపోయేదాకా, రోజూ ఉదయం ఎనిమిదింటికి, నేలలో పాతిన ఇనప మేకు దగ్గర కెమెరా స్టాండు పెట్టి ఆ చెట్టుని ఒక్క ఫోటో తీయాలి. ఏ ఏడు మొగ్గ ఎప్పుడు విచ్చింది, ఏ చలికి ఎన్ని మాడాయి, ఎండ చూసి ఎన్ని తొందరపడ్డాయి, ఇవన్నీ ఆ ఫోటోల్లో చూసి రాసుకునేవాళ్ళు వేరే ఉన్నారు. మిగతా ఏడాదంతా గాలిమరకి నూనె పెట్టడం, వాన కొలిచే గిన్నె తోమడం.

"రోజూ అదే చెట్టా?" అని మొదటి ఏడు భార్య అడిగింది, కుట్టుమిషను మీదనుంచి తలెత్తకుండా.

"నీకు మాత్రం రోజూ అదే మొగుడు కాదూ?"

"అందుకే అడుగుతున్నా."

వసంతాన్ని పొగిడేవాళ్ళెవరూ దాన్ని ఎనిమిదింటికి ఫోటో తీసి ఉండరని ఆయన నమ్మకం. ఏడున్నరకి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది. మూత తీసి కెమెరా బిగించేసరికి ఎక్కడినుంచి వస్తుందో, మబ్బు వచ్చి చెట్టు నెత్తిన కూర్చుంటుంది. ఎండలో వాన, వానలో వడగళ్ళు, ఆ వెంటనే ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఎండ. లెన్సుకి ఆవిరి పడితే చొక్కా అంచుతో తుడిచేవాడు. వాన పడితే స్టాండుకి గొడుగు కట్టి తను తడిసేవాడు. అన్నిటికంటే పొగరుబోతు గాలి. పువ్వు కదిలిందా, ఫోటోలో అది తెల్లటి మరక. అందుకని గాలి ఊపిరి తీసుకునే ఆ చిటికెడు సందుకోసం తన ఊపిరి బిగపట్టి నిలబడేవాడు. ఫోటోలో నేల, గోడ, కప్పు ఏవీ పడనిచ్చేవాడు కాదు. మాను, కొమ్మలు, పువ్వులు, వెనక ఆకాశం. చూపు ఇంకెక్కడికీ పోకూడదు. అలా పద్దెనిమిది వసంతాలు.

ఈ ఏడు ఎండ ముందే వచ్చింది. రెండు వారాల ముందే చెట్టు సగం పూసింది. దాని వెనకే పెద్దగాలి వచ్చి, తొడంత లావు కొమ్మ ఒకటి విరిగి వాచ్‌మన్ గది మెట్ల మీద పడింది. ఆ గదిలో వాచ్‌మన్ తల్లి ఉంటుంది. "కొమ్మే కదురా, నన్ను పలకరించడానికి దిగింది" అందావిడ. కానీ కేంద్రం అధికారి భయపడ్డాడు. మర్నాడే ఇంజినీరు వచ్చాడు.

ఇంజినీరు ఒక కన్ను మూసి చెట్టుని చూశాడు. "గది మీదకి వాలిపోతోంది. కొట్టేయాలి."

కేంద్రంలో ఒక పరిశోధకురాలుంది. ఆ ఫోటోల మీదే మూడేళ్ళుగా పనిచేస్తోంది. ఆమె అడ్డుపడింది. "ఆగండి సార్. ఇప్పుడు వాలుతోందా, ఎప్పటినుంచో ఇలాగే ఉందా, ఎవరికి తెలుసు? మా దగ్గర పద్దెనిమిదేళ్ళ ఫోటోలున్నాయి. ఒకే మేకు, ఒకే టైము. ఈ బాబాయి గారు తీసినవి."

ఆ మాటకి గడ్డంపైకికి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

లోపల కంప్యూటర్‌లో చూశారు. మొదటి ఏడు, పదో ఏడు, పోయిన ఏడు, మొన్నటిది. అన్నిట్లోనూ మాను స్తంభంలా నిటారుగా ఉంది. ఇంజినీరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నా కంటికే అలా కనిపించిందన్నమాట. ఇందులో రవ్వంత కూడా తేడా లేదే. ఫోటో ఉన్నాక ఇంకా మాటలెందుకు? ఉండనివ్వండి."

పరిశోధకురాలు చప్పట్లు కొట్టబోయి సిగ్గుపడి ఆగింది. టీ వచ్చింది. గడ్డంపైకి గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

బయట చెట్టు వాలి ఉంది. ముసలావిడ గది కబుర్లు వినడానికి చెవి వంచినట్టు, స్పష్టంగా వాలి ఉంది. వెనక్కి తిరిగి చూశాడు. తెర మీద నిటారుగా ఉంది. గ్లాసు నోటిదాకా వెళ్ళలేదు.

తన ఎడమచెయ్యి ఏం చేస్తూ వచ్చిందో ఆయనకి అప్పుడు తెలిసింది. స్టాండు పెట్టి, కన్ను ఆనించగానే, ఎవరూ చెప్పకుండానే ఆ చెయ్యి కెమెరా కింది మరని కాస్త తిప్పేది. మాను నిటారుగా కనిపించేదాకా తిప్పేది. తల ఇటు... చాలు, చాలు. ఎంత తిప్పిందో ఏ ఒక్కరోజూ చూసుకోలేదు.

ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు. భార్యకి చెప్పాడు.

"ఇప్పుడు మీరు నోరు మెదపకపోతే ఏమవుతుంది?" అందామె.

"చెట్టు ఉంటుంది."

"చెప్తే?"

"కొట్టేస్తారేమో."

ఆమె మిషను చక్రాన్ని చేత్తో ఆపింది. "ఆ గదిలో ముసలావిడ పడుకుంటుంది కదా?"

"ఊఁ."

"మరి నన్నడగడం ఎందుకు?"

"నువ్వు వద్దంటావేమోనని ఆశ."

ఆమె వద్దనలేదు. కంచం తీసుకెళ్ళి మూతపెట్టి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే పరిశోధకురాలి బల్ల దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, ఆ ఫోటోలు తప్పు."

"ఏ ఫోటోలు బాబాయ్?"

"అన్నీ."

నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేసింది. చెప్పినదంతా విన్నాక ఒక్కొక్క ఫోటోనే తెరుస్తూ పోయింది. కొలవడానికి ఒక గోడ అంచు, కప్పు చూరు, నేల గీత, ఏదైనా దొరుకుతుందని. పద్దెనిమిదేళ్ళలో ఒక్కటీ దొరకలేదు.

"ఒక్కదాన్లో కూడా నేల లేదేం?"

"బాగుండదని."

ఆమె తెరిచిన ఫోటోలన్నీ ఒక్కొక్కటే మూసింది. తర్వాత తిట్టకుండా, అదే ఆయనకి మరీ కష్టమనిపించింది, ఇలా అంది: "పూత లెక్కలకేం ఢోకా లేదు. వంపు సంగతే. ఇప్పుడు ఒక్కటి సరిగ్గా తీయండి. తాపీమేస్త్రీలు దారానికి కట్టి వేలాడదీస్తారే, ఆ ఇనప గుండు. అది మాను పక్కన వేలాడుతుండగా తీయండి. ఎంత వాలిందో తెలుస్తుంది."

వసంతం పగబట్టింది. మొదటిరోజు గాలికి గుండు గడియారం లోలకంలా ఊగింది. రెండోరోజు పొగమంచులో చెట్టే కనపడలేదు. మూడోరోజు దారం స్థిరంగా నిలిచి, ఆయన ఊపిరి బిగపట్టేసరికి వడగళ్ళు పడ్డాయి. నాలుగోరోజు దొరికింది. ఎడమచేతిని జేబులో పెట్టుకుని తీశాడు. ఆ ఫోటోలో మాను దారానికి దూరంగా, తన దారి తనదన్నట్టు పక్కకి పోతోంది. తన జీవితంలో తీసిన మొదటి వంకర ఫోటో అదే. దానికి జరిగినదంతా వివరిస్తూ ఉత్తరం జోడించి పరిశోధకురాలు పై ఆఫీసుకి పంపింది.

వారంలో ఇంజినీరు మళ్ళీ వచ్చాడు. పోయిన ఏటి ఫోటో, గుండుతో తీసిన ఈ ఏటి ఫోటో పక్కపక్కన పెట్టాడు. "పై ఆఫీసులో ఇవి రెండే చూశారు. ఒక్క ఏడాదిలో ఇంత వాలిందా అని బెంబేలెత్తిపోయారు."

"ఒక్క ఏడాదిలో కాదు సార్. ఆ పాతది నేను సరిచేసి..."

"ఉత్తరం నేను చదివానండీ. మీ మాట నమ్ముతాను." ఇంజినీరు చెడ్డవాడు కాదు. కుర్చీ లాగి ఎదురుగా కూర్చున్నాడు. "పద్దెనిమిదేళ్ళ కిందట ఎంత వాలి ఉందో చెప్పగలరా?"

"చెప్పలేను."

"పోనీ, అప్పటికీ ఇప్పటికీ పెరిగిందా, అలాగే ఉందా?"

గడ్డంపైకి పరిశోధకురాలి వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూసింది. పద్దెనిమిదేళ్ళు రోజూ ఆ చెట్టు ముందు నిలబడిన మనిషి ప్రపంచం మొత్తంలో ఆయనొక్కడే. ఆయనకీ తెలియదు.

"చెప్పలేను సార్."

"మరి నన్నేం చేయమంటారు? ఆ గది మార్చమని రాశాను. డబ్బు లేదన్నారు. రేపు గాలొచ్చి ఏదైనా అయితే సంతకం నాది." లేస్తూ, గొంతు తగ్గించి అన్నాడు, "మీరు చెప్పకుండా ఉంటే నాకు తెలిసేదే కాదు."

అది మెచ్చుకోలో, దెప్పిపొడుపో ఆయనకి అర్థం కాలేదు.

శుక్రవారం పొద్దున్న రంపంతో ఇద్దరు మనుషులొచ్చారు. చెట్టు నిండా పూసి ఉంది. ఇంత పూత తన హయాంలో చూడలేదు. "ఎనిమిదింటి ఫోటో అయ్యేదాకా ఎవరూ చెట్టుని ముట్టుకోకూడదు. అది ఇక్కడి రూలు" అని పరిశోధకురాలు గట్టిగా చెప్పింది. అందరూ ఆగారు. ఇంజినీరు గడియారం చూడలేదు. ముసలావిడ గడపలో కూర్చుంది.

గాలి ఉంది. గడ్డంపైకి కన్ను ఆనించి నిలబడ్డాడు.

"అయిందా సార్?" అన్నాడు రంపంవాళ్ళలో పెద్దవాడు.

"గాలి ఆగనీ."

ఎనిమిదీ పది. ఎనిమిదీ ఇరవై. కొమ్మలు ఊగుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన గాలిని ఆగవద్దని వేడుకున్నాడు. రంపంవాడు బీడీ పూర్తిచేసి, రెండోది వెలిగించి, "తొందరేం లేదులెండి" అన్నాడు, చుట్టాలింటికి వచ్చినవాడిలా. అప్పుడు గాలి ఆగిపోయింది. ఒక్క రేకు కదల్లేదు. మబ్బు పక్కకి తప్పుకుని చెట్టు మొత్తం మీద సమంగా వెలుగు పడింది. అలాంటి వెలుగు కోసం ఆయన ఏళ్ళకి ఏళ్ళు ఎదురుచూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఇంకే సాకూ మిగల్లేదు. నొక్కాడు.

మధ్యాహ్నానికి పనయిపోయింది. పడిన కొమ్మల మీద తేనెటీగలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పెద్ద రంపంవాడు మొద్దు మీది పొట్టు అరచేత్తో తుడిచి, "ఇటు రండి సార్, చూడండి" అన్నాడు. ఇంజినీరు, పరిశోధకురాలు, వెనకగా గడ్డంపైకి వంగి చూశారు. వలయాలు ఒకపక్క ఒత్తుగా, ఇంకోపక్క ఎడంగా ఉన్నాయి. నట్టనడుమ ఉండాల్సిన చిన్న వలయం కూడా ఓ పక్కకి జరిగే ఉంది.

"వేలెడు మొక్కప్పుడే వాలిందిది. అలాగే పెరిగింది, అలాగే నిలబడింది."

"ఉంచితే ఇకముందు ఇంకా వాలేదంటావా?" ఇంజినీరు అడిగాడు.

"అది నాకేం తెలుసు సార్? వేళ్ళు మాత్రం గట్టిగానే ఉన్నాయి."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"కొయ్యకుండా ఎలా కనపడుతుంది సార్!"

ఇంజినీరు మొద్దు అంచుని వేలితో తడిమాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "దీన్నొక ఫోటో తీసి పెట్టండి. ఫైల్లో ఉండాలి" అన్నాడు.

గడ్డంపైకి స్టాండు తెచ్చాడు. మొద్దు ముందు నిలబెట్టాడు. కెమెరా బిగించి, కన్ను ఆనించకుండానే పక్కకి జరిగి, పరిశోధకురాలికి చోటిచ్చాడు.

"నువ్వు తియ్యమ్మా. నేనైతే సరిచేస్తాను."