మావ కోసం కుట్టిన మూడు పొరల మాస్కు

మూతి వాచిన మనిషిని మీరు చూసే ఉంటారు. కానీ మూతి వాచి, ముక్కు అందులో కలిసిపోయి, కళ్లు రెండు గీతలై, ఆ అవతారంతో ఆస్పత్రి హాల్లో నిలబడి "నాకు కొత్త ఫ్లూ వచ్చిందహో" అని తనకు తానే దండోరా వేసుకున్న మనిషిని మాత్రం చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు, బుద్ధీ రాలేదు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. కొత్త ఫ్లూ ఒకటి బయల్దేరిందని టీవీలూ ఫోన్లూ మోత మోగిస్తున్న రోజులు. ప్రయాణాలు తగ్గించుకోండి, మాస్కు పెట్టుకోండి, చేతులు కడుక్కోండి అన్నారు. నేను అంతటితో ఆగే రకమా? బజారు నుంచి తెచ్చిన అప్పడాలను కూడా సబ్బునీళ్లలో ముంచబోతే మా అమ్మ నా చేతిలోంచి లాక్కుంది.

సరిగ్గా అప్పుడే వజ్రపుకొత్తూరు అవతల పల్లె నుంచి మా అత్త ఫోన్ చేసింది. మా మావకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. ఎప్పుడూ తోడొచ్చేది అత్తే.

"అల్లుడా, నాకు రొంప పట్టింది. డాక్టరుబాబు మీ మావకి దూరంగా ఉండమన్నాడు. రేపు నువ్వు తీసుకెల్లాల."

"అలాగే అత్తా."

"ఆ ఫ్లూ మనకొత్తే నాలుగు రోజులు మూలిగి లేత్తాం. ఆయనకొత్తే తట్టుకోనేడు. అలాగని వంతు తప్పిందా, ఒళ్లంతా నీరొచ్చేసి ఊపిరాడదు. జాగర్త నాయనా."

అంటే ఫ్లూ తగలకూడదు, మెషీను దగ్గర వంతూ పోకూడదు. మా మావ ప్రాణం నా చేతిలో పెట్టారని నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. మందుల షాపు మాస్కు పట్టుకుని చూస్తే ఉల్లిపొరలా ఉంది. ఇదా మా మావను కాపాడేది? నా కన్ను ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కోసే కట్టర్లు తుడిచే గుడ్డల మీద పడింది. మందంగా, దిట్టంగా, ఉతికి ఆరేసి ఉన్నాయి. మూడు పొరలేసి, అంచులు మడిచి, నా చేత్తో నేనే రెండు మాస్కులు కుట్టాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. జీడిపిక్క తొక్కలో సొన ఉంటుంది. అది ఒంటికి తగిలితే కాల్చి పొక్కిస్తుంది. అందుకే కోసేవాళ్లు ముందుగా చేతులకు నూనె రాసుకుంటారు. ఈ ముక్క పలాసలో ఉయ్యాల్లో పడుకున్న పాపాయికి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ సబ్బుతో ఉతికాక సొన ఎక్కడికి పోతుంది అనేది మాత్రం నేను ఆలోచించలేదు. ఎక్కడికీ పోదు.

సాయంత్రం మావ ఇంటికి వెళ్లి మాస్కు అందించాను. మావ దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏటిది? ఎద్దు మూతికి సిక్కం కట్టినట్టు?"

"మూడు పొరలు మావా! గాలి కూడా దూరదు!"

"గాలి దూరకపోతే నేనెలా బతుకుతాన్రా? మీ అత్త షాపులో కొన్నది ఉంది, నాకదే సాలు."

మావ మొండితనానికి జాలిపడి, అలవాటు కావాలని నాది ఆ రాత్రంతా కట్టుకునే అక్కడే పడుకున్నాను. తెల్లారేసరికి మూతి చుట్టూ దురద. మా ఉద్దానం ప్రాంతం దోమలు అనుకున్నాను. బస్సులో మంట మొదలైంది. చెమట అనుకున్నాను. మాస్కు తియ్యొచ్చు కదా అంటారేమో, తియ్యనే తియ్యను! కిటికీ పక్క సీటు మావకిచ్చి, దగ్గినవాళ్లందరినీ కళ్లతో కాలుస్తూ పలాస దాకా కాపలా కాశాను.

ఆస్పత్రి హాల్లో వంతు కోసం డయాలసిస్ వాళ్లు బల్లల మీద కూర్చుని ఉన్నారు. ఇక మంట భరించలేక మాస్కు లాగేశాను. ఎదురుగా అద్దాల తలుపు అవతల ఎవరో మూతి వాచిన మనిషి నిలబడ్డాడు. అయ్యో పాపం, ఎవరి బిడ్డో అనుకున్నాను. నేను గోక్కుంటే ఆయనా గోక్కున్నాడు.

"ఓరి నాయనో! ఫ్లూ! నాకొచ్చేసింది! అందరూ పారిపోండి!"

ఒక్కరూ కదల్లేదు. బల్ల చివరి మనిషి నెమ్మదిగా అడిగాడు.

"ఎక్కడికి ఎల్తాం బాబూ? ఎల్తే వంతు పోదేటి?"

నర్సమ్మ పరుగున వచ్చి నా నుదుటికి జ్వరం చూసే మెషీను పెట్టింది.

"జ్వరం లేదండీ."

"మీ మెషీను పాడైందండీ!"

"దగ్గుందా?"

అడిగింది కదా అని గట్టిగా దగ్గాను. అదే నేను చేసిన ఘోరం. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"అయితే మీరూ, మీతో వచ్చినాయనా బయట కూర్చోండి. డాక్టరుగారు చూసేదాకా ఆయన్ని లోపలికి పంపను. ఆయన వంతు వెనకవాళ్లకిచ్చేస్తాను."

మావకి అప్పటికే పాదాలు ఉబ్బి ఉన్నాయి. నా వైపు ఒక్కసారి చూసి, సంచి తీసుకుని లేచాడు. తిట్టినా బాగుండేది. ఫ్లూ ఏం చేస్తుందో తెలియదు గానీ, మావ వంతు నేనే పోగొట్టేశాను.

"ఆగమ్మా, నర్సమ్మా!"

ఎప్పుడూ మావ పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే ముసలావిడ, పార్వతమ్మ, లేచి నేరుగా నా మీదికి వచ్చేస్తోంది.

"అత్తా, దగ్గరికి రావొద్దు! ఫ్లూ!"

"ఆయన వంతు పోతందంటే కూకుంటానేటి? నిలబడు."

నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. నా చేతిలో మాస్కు లాక్కుని వాసన చూసింది.

"ఓలమ్మో! జీడి సొన! ఈ ఎర్రిబాబు మూతికి జీడిగుడ్డ కట్టుకున్నాడర్రా!"

హాలు హాలంతా గొల్లుమంది. అందులో ఎప్పుడో ఒకప్పుడు జీడి కొయ్యనివాళ్లు లేరు. నర్సమ్మ గోడ వైపు తిరిగి భుజాలు అదురుతూ నవ్వుతోంది. ఆ గోలకి డాక్టరుగారే బయటికి వచ్చారు. నన్ను చూసి, మాస్కు చూసి, మావను లోపలికి పంపించి, నాకు పూత మందు రాసిచ్చారు. నవ్వు బయటపడకుండా ఆయన పెదాలు బిగించుకున్న తీరు చూస్తే చదువు ఎంత గొప్పదో తెలిసింది.

నేను మాత్రం నోరెళ్లబెట్టి వాళ్లనే చూస్తున్నాను. ఫోన్లో ఒక వార్త చూసి అప్పడాలు కడగబోయినవాణ్ణి నేను. ఆ పార్వతమ్మ, చేతి నిండా సూది మచ్చలతో, రోగమని అరుస్తున్నవాడి గడ్డం పట్టుకుంది, పక్క మంచం మనిషి వంతు పోకూడదని. కాసేపట్లో లావు సూదులు గుచ్చించుకోబోయేవాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఇదేం ధైర్యం స్వామీ! నిజంగా ఒళ్లు గగుర్పొడిచింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. ఆ మూతితో దండం పెట్టేసరికి ఇంకా నవ్వారు.

మధ్యాహ్నం దాటాక మావ బయటికి వచ్చాడు. డయాలసిస్ అయ్యాక మనిషి పిండేసిన గుడ్డలా అయిపోతాడు. మావ పల్లెకి వెళ్లే బస్సేమో కొబ్బరికాయల బస్తాలతో, జనంతో కిటకిటలాడుతోంది. మావను ఎలా నిలబెట్టాలా అనుకుంటూ, తెల్లటి పూత మందు పూసుకున్న మూతితో ముందు నేను ఎక్కాను.

"భయపడకండి, ఇది ఫ్లూ కాదు, జీడి" అని చెబుతూనే ఉన్నాను. వినేవాళ్లేరీ? నిమిషంలో వెనక సీటు మొత్తం ఖాళీ. జనం ముందు ఒకరి మీద ఒకరు నిలబడ్డారు. మావ ఆ పొడుగు సీటు మీద కాళ్లు బారజాపి, నా ఒళ్లో తల పెట్టుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మంట వల్ల అని మీరు అనుకున్నా సరే.

బస్సు కదిలాక కుడిచెయ్యి ఎత్తి, వాచిన పెదాలతో వీలైనంత గంభీరంగా మొదలుపెట్టాను.

"మావా, నీ మీద ఒట్టు. ఈ జన్మలో ఇంకెప్పుడూ మాస్కు కుట్టను. డాక్టరు చెప్పకుండా ఏ రోగమూ తెప్పించుకోను. ఎవరు అడిగినా దగ్గను. ఇదే మూతితో నలుగురిలోకి..."

మావ కళ్లు తెరవకుండానే నా చెయ్యి కిందికి లాగాడు.

"ఒట్టెయ్యకురా అల్లుడా. ఇన్నేళ్లకి ఈ బస్సులో తొంగోడానికి సోటు దొరికింది. మళ్లా వంతుకి కూడా ఇదే మూతితో రా."