ఊడదీసిన గడియలు

మా మామయ్య బడిలో తలుపు గడియలు ఊడబీకి పాత ఇనుప సామాన్ల కొట్లో అమ్ముకున్నాడట. కుళాయి దగ్గర విన్నప్పుడు అవి ఐదు. కిరాణా కొట్టు చేరేసరికి వాటికి ఒక ఫ్యాను తోడైంది. మంగలి షాపు దాటేసరికి బడి గంట కూడా పోయింది. "ముప్పై ఏళ్ళు కొట్టినవాడు ఊరికే వదులుతాడా? ఇంటికి పట్టుకుపోయుంటాడు" అని ఒకాయన నవ్వులాటకి అంటే, పక్కనున్నవాళ్ళు నమ్మేశారు.

మామయ్య హైస్కూల్లో అటెండరు. పిల్లలు గంట తాత అంటారు. అదే బడిలో నేను గదులు ఊడుస్తాను. ఏడో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. నాకు మాటలు తక్కువ కాబట్టి నా ముందు ఎవరూ గొంతు తగ్గించరు. అందుకే జరిగిందంతా నాకు తెలుసు.

బడి వెనక ఆడపిల్లల మరుగుదొడ్లు ఆరు. ఏ తలుపుకీ లోపల గడియ లేదు. తుప్పు పట్టి ఒక్కొక్కటే రాలిపోయాయి. ఒకళ్ళు లోపలికి వెళ్తే ఇంకొకళ్ళు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. మా బడిలో స్నేహితురాలంటే తలుపు పట్టుకునే పిల్ల అనే అర్థం. పోట్లాట వస్తే "రేపట్నుంచి నీ తలుపు నేను పట్టుకోను, పోవే" అంటారు. అంతకు మించిన తిట్టు లేదు.

ఈ ఏడు ఎనిమిదో తరగతిలో మధ్యలో వచ్చి చేరిన పిల్ల ఒకతి ఉంది. ఆమె తలుపు పట్టుకునేవాళ్ళు లేరు. ఒకసారి ఒంటరిగా వెళ్తే ఎవరో తలుపు తోశారు, నలుగురూ నవ్వారు. ఆ రోజు నుంచి ఇంట్లో బయల్దేరింది మొదలు మళ్ళీ ఇల్లు చేరేదాకా గొంతు తడుపుకోవడం మానేసింది. ప్రార్థన వరసలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నాడు డాక్టరు.

వాళ్ళమ్మ వచ్చి హెడ్మాస్టరు గారి ముందు నిలబడింది. "ఇంకోసారి పడితే మాన్పించేస్తాను సార్. చదువు లేకపోయినా బతుకుతుంది. ఒళ్ళు పాడైతే ఎట్లా బతుకుతుంది?"

నేను వరండా తుడుస్తున్నాను. అలాంటి మాటే ఒకప్పుడు మా ఇంట్లోనూ విన్నాను.

హెడ్మాస్టరు గారు చెడ్డవారు కాదు. ఆ మాటకి ఆయన మొహం వాడిపోయింది. పైగా ఈ ఏడాదే పిల్లల క్షేమం కోసమని యాజమాన్యం నిధులిచ్చింది. కానీ వాటితో ఏం కొనాలో అచ్చువేసిన జాబితా ఒకటి వచ్చింది. నీలం రంగు, తివాచీ, దిండ్లు, నవ్వు మొహాల బొమ్మలు. వాటితో ఒక గది తయారుచేసి 'ఆనంద గది' అని బోర్డు పెట్టారు. జాబితాలో గడియలు లేవు. గడియలంటే మరమ్మతు. మరమ్మతుకి యాజమాన్య కమిటీకి దరఖాస్తు పెట్టాలి. దాంతోపాటు, పాడైన వస్తువు పక్కన ప్రధానోపాధ్యాయుడు నిలబడిన ఫోటో జతచేయాలి.

"ఆడపిల్లల దొడ్డి తలుపు దగ్గర నిలబడి ఫోటోనా? నా పరువేం కాను?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"పోనీ టీచరమ్మని నిలబెడదాం సార్" అన్నాడు గుమాస్తా.

"ఫారంలో నన్ను కదయ్యా నిలబడమన్నారు!"

ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. చివరికి ఆయన ఆనంద గది తలుపు పక్కన నిలబడి ఫోటో దిగారు. ఏ తలుపైనా తలుపే కదా అనుకున్నారు. రెండు నెలల తర్వాత దరఖాస్తు తిరిగొచ్చింది. 'ఫోటోలో గడియ బాగానే ఉన్నది' అని రాశారు.

మామయ్య ఆగలేకపోయాడు. "ఆరు గడియలు ఎంత సార్? నేనే కొనుక్కొచ్చి బిగిస్తా."

"వద్దయ్యా బాబూ. సొంత డబ్బుతో బడికి ఏదైనా కొంటే సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేను. నీ మంచితనం నా మెడకి చుట్టుకుంటుంది."

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య బియ్యం చేట పక్కన పెట్టింది. "తాను దూర కంత లేదు, మెడకో డోలు అంటే ఇదే. తలుపుకి గడియ లేదు గానీ దిండ్లొచ్చాయా?"

మామయ్య అన్నం కలుపుతూ అన్నాడు. "కొనొద్దన్నారు. ఉన్నవి మార్చొద్దని అనలేదుగా."

ఆ ఆదివారం స్క్రూడ్రైవరు పట్టుకుని బడికి వెళ్ళాడు. తలుపులు కదలకుండా పట్టుకోవడానికి నన్నూ తీసుకెళ్ళాడు. ఆఫీసు, సామాన్ల గది, ఆనంద గది, హెడ్మాస్టరు గారి గది. ఇవన్నీ బయట తాళం వేసే గదులు, లోపలి గడియతో పనే లేదని ఒక్కొక్కటీ ఊడదీశాడు. చివరికి హెడ్మాస్టరు గారి బాత్రూం దగ్గర ఆగాడు.

"మామయ్యా, ఇదీనా?"

"ఆయన తలుపు పట్టుకోవడానికి గుమాస్తా ఉన్నాడు లేవే."

సాయంత్రానికి మరుగుదొడ్లు ఆరూ లోపల్నుంచి బిగిశాయి.

సోమవారం విరామంలో ఎనిమిదో తరగతి పిల్ల ఒక్కతే వెళ్ళింది. గడియ పడిన చప్పుడు నాకు వినిపించింది. బయటికొచ్చి నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి దోసిలి పట్టి కడుపునిండా తాగింది.

బుధవారం కమిటీవాళ్ళు ఆనంద గది చూడటానికి చెప్పకుండా వచ్చారు. ఆ సమయానికి గుమాస్తా రెండు చేతులతో బాత్రూం పిడి లాగి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, లోపల ఎవర్ని బంధించావు?" అన్నాడు కమిటీ పెద్దాయన.

లోపల్నుంచి దగ్గు వినిపించింది.

మధ్యాహ్నానికి మామయ్యకి కాగితం అందింది. అనుమతి లేకుండా బడి ఆస్తి స్థానం మార్చినందుకు నెల రోజులు విధుల్లోకి రాకూడదు, జీతం ఉండదు. హెడ్మాస్టరు గారు మామయ్య మొహంలోకి చూడలేదు. "నువ్వెందుకు చేశావో నాకు తెలుసయ్యా. రిజిస్టరుకి తెలియదుగా."

"రిజిస్టరుకి ఆడపిల్లలు లేరు సార్" అన్నాడు మామయ్య. అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు గుమాస్తా స్టాకు రిజిస్టరు చంకలో పెట్టుకుని మరుగుదొడ్ల దగ్గరికి వచ్చాడు. నేను బకెట్టుతో పక్కనే ఉన్నాను. ఒక్కో గడియా ఊడదీయడం, పేరు పక్కన టిక్కు పెట్టడం. ఐదు అయ్యాయి. ఆరో తలుపు దగ్గర రిజిస్టరు రెండుసార్లు తిరగేశాడు. "ఇది మనది కాదే" అని తల గోక్కుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నూట అరవైమంది ఆడపిల్లలూ ఆ ఒక్క తలుపు ముందే వరస కడుతున్నారు. వరస సగం కూడా కదలకముందే గంట కొట్టేస్తారు. ఆలస్యంగా వచ్చారని క్లాసులో తిడతారు. ఎనిమిదో తరగతి పిల్ల ఆ వరసలో ఉంటోంది. బడి ఇంకా మానలేదు. మిగతా ఐదు తలుపులకి మళ్ళీ దరఖాస్తు పెట్టారు, ఫోటో దగ్గర ఆగింది.

గడియలు అమ్ముకున్నాడని చెప్పుకునేవాళ్ళెవరూ ఆరో తలుపు సంగతి అడగలేదు. ఆ గడియ మా ఇంటి స్నానాల గదిది.