పాట మధ్యలో ఎత్తిన బతుకమ్మ

చైతన్యపురిలో మేం పదకొండేళ్లు అద్దెకున్న ఇంటి ఓనరమ్మ మొన్న పొద్దున్న పోయిందని వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. తరిగిన వంకాయలు నీళ్లలో వెయ్యడం మరిచిపోయాను, నల్లబడ్డాయి.

ఆవిడది హయత్‌నగర్ అవతల పల్లె. మాది తెనాలి. పొద్దున్నే పూజకు పూలు కోసి, సగం మా కిటికీలో పెట్టి పోయేది. దేవుడి గదికి తలుపు పెట్టించలేదేమని అడిగితే, "ఆయనేమన్న జైల్ల ఉన్నడా?" అని నవ్వేది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న సంవత్సరం, బస్సులు ఆగిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి నినాదాలు గాలిలో తేలుతూ వచ్చేవి. నా యాస బయటపడుతుందని కూరగాయలు కూడా వేలు చూపించి కొనేదాన్ని. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నిజంగానే భయం. సద్దుల బతుకమ్మ సాయంత్రం ఆవిడ మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏందమ్మా, లోపల్నే కూసున్నవ్?"

"నేనెందుకులెండి పెద్దమ్మగారూ, ఎవరైనా ఏమైనా అంటారు."

"తెలంగాణ గావాలంటున్నం గని నిన్ను పొమ్మంటలేం. జర మంచి చీర కట్టుకొని రా."

వెళ్లాను. మసక వెలుతురులో గల్లీ అంతా తంగేడు పసుపు. చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే కాళ్లు నేల మీదున్నాయో లేదో తెలియలేదు. అంత హాయిగా ఉండి ఎన్నాళ్లయిందో!

అప్పుడే గల్లీ ఊడ్చే ఆమె తన బతుకమ్మ పట్టుకుని వచ్చింది. చిన్నది, అన్నీ గునుగు పూలే. మధ్యలో పెట్టబోతుంటే ఒకావిడ మర్యాదగానే, "నువ్వు గా బోరింగు కాడ పెట్టుకో, ఆడ జాగ ఉన్నది" అంది. ఆమె బోరింగు పక్కన పెట్టి, ఒక్కతే నిలబడింది. నేను చూశాను. చూసి కూడా చప్పట్లు కొడుతూ ముందుకు వెళ్లిపోయాను. నాకు దొరికిన చోటు ఎక్కడ పోతుందోనని.

ఓనరమ్మ వంగి తన బతుకమ్మను ఎత్తుకుంది. పాట ఆగిపోయింది.

"పాట నడుమ ఎత్తుతరా వదినా? గౌరమ్మకు కోపమొస్తది!" అన్నారెవరో.

"గౌరమ్మ నా చేతులనే ఉన్నది. కోపమొస్తె నాకే చెప్తది."

బోరింగు దాకా నడిచి, ఆ చిన్నదాని పక్కన పెట్టింది. "న్యాయం గావాల్నని పొద్దంత రోడ్డు మీద కూసుంటిమి. మనింటి ముంగట మనం ఇయ్యకపోతె మనకెవరిస్తరు?" అంది. అరవలేదు, అలసిపోయినట్టు అంది.

ఇద్దరే తిరగడం మొదలుపెట్టారు. కాసేపటికి ఒక బతుకమ్మ లేచి అటు నడిచింది. తర్వాత ఇంకోటి. నాకైతే మోయడానికి ఏమీ లేదు, ఖాళీ చేతులే. అయినా అడుగు పడలేదు. మొదట వెళ్లిన వాళ్లలో నేను లేను, ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది. చివరికి వెళ్లేసరికి ఓనరమ్మ నావైపు చూసింది. చప్పట్లు ఆపకుండానే కాస్త పక్కకు జరిగి, తనకూ ఆ ఊడ్చే ఆమెకూ మధ్య నాకు చోటిచ్చింది.