కౌబాయ్ సినిమాల దానియేలు గారి కోసం కంకిపాడు దారిలో ఒక రోజు

డెబ్బైల మధ్యలో నేను మద్రాసులో ఒక చిన్న సినిమా కంపెనీలో అసిస్టెంటు డైరెక్టరుగా పనిచేసేవాణ్ణి. కౌబాయ్ సినిమాల జోరు అప్పటికే కాస్త తగ్గింది. అయినా మా డైరెక్టరు గారు ఇంకొకటి మొదలుపెట్టారు. అందులో ముసలి బందిపోటు వేషానికి ఆయన దానియేలు గారినే అనుకున్నారు. ఆ పేరు మీరు విని ఉండకపోవచ్చు గానీ ఆ ముఖం అప్పట్లో హాలుకి వెళ్ళే ప్రతివాడికీ తెలుసు. విలన్ పక్కన నల్ల టోపీతో గుర్రమెక్కి వచ్చి, హీరో తుపాకి పేలగానే దుమ్ములో దొర్లి చచ్చిపోయే మనిషి ఆయన. ఈసారి మాత్రం ఆఖరి సీను దాకా బతికుండే వేషం. పన్నెండు పేజీల డైలాగు. రెండు టెలిగ్రాములిచ్చినా జవాబు లేదు. "రేపు సాయంత్రం బండికి ఆయన్ని ఎక్కించావా సరే, లేకపోతే ఆ వేషం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను. నువ్వు కూడా వేరే కంపెనీ చూసుకో" అన్నారు డైరెక్టరు గారు. అలా మొదలైంది నా ప్రయాణం. ఆ వైపు వెళ్ళేవాళ్ళకి ఉపయోగపడుతుందని టైములతో సహా రాస్తున్నాను.

పొద్దున్న ఆరింటికి విజయవాడలో దిగాను. తిరుగు బండి సాయంత్రం ఏడుంపావుకి. మా దగ్గర ఉన్న చిరునామా వన్ టౌన్‌లో ఒక జట్కాల షెడ్డుది. స్టేషన్ నుంచి రిక్షాకి రూపాయి తీసుకున్నాడు. బస్తాలు దించుతున్న తోపుడు బళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ వెళ్ళేసరికి ఏడు దాటింది. షెడ్డులో గుర్రానికి దాణా కలుపుతున్న ఒక ముసలి సాయిబు గారు నా మాట పూర్తిగా వినకుండానే తల అడ్డంగా ఊపారు.

"దానియేలు ఇక్కడ లేడండీ. ఆర్నెల్లయింది, భార్య వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. కంకిపాడు దిగి లోపలికెళ్ళాలి."

"ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?"

ఆయన దాణా కలపడం ఆపి నా వైపు చూశారు. "సినిమావాళ్ళేగా మీరు? ఆయన్నే అడగండి" అని మళ్ళీ పనిలో పడ్డారు. ఆ మాట తీరు నాకు నచ్చలేదు. దాచిపెట్టాల్సింది ఏదో ఉందనిపించింది.

ఎనిమిదింటి బందరు బస్సెక్కాను. ఆటోనగర్ దాటేదాకా లారీల వెనక నత్తనడక. కంకిపాడులో దిగేసరికి తొమ్మిదయింది. అక్కడి నుంచి ఆ ఊరికి బస్సు లేదు. మస్తాన్ అనే జట్కా ఆయన రానూ పోనూ ఐదు రూపాయలకి ఒప్పుకుని, మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు. కాలువ గట్టు మీద ఒక్క బండి పట్టేంత దారి. ఒక పక్క నిండుగా నీళ్ళు, రెండో పక్క కోతలైన పొలాలు. గంట పైనే పట్టింది.

చర్చి వెనక రెండో ఇల్లు. దానియేలు గారి భార్య మరియమ్మ గారు గుమ్మంలోనే నిలబడి, "లేరండీ. గుంటూరు వెళ్ళారు" అన్నారు. ఆవిడ మాట ముగించేలోపే ఇంటి వెనక నుంచి బిందె దొర్లిన చప్పుడు. తర్వాత మగగొంతు తిట్టుకోవడం. ఆయన గుంటూరు వెళ్ళలేదని అర్థమైపోయింది. ఆవిడ తలొంచుకుని పక్కకి తప్పుకున్నారు.

పెరట్లో దానియేలు గారు తడిసిన పంచె పిండుకుంటున్నారు. తెర మీద చూసినదానికంటే పొట్టి. నేను వచ్చిన పని చెప్పగానే ఆ ముఖం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. టెలిగ్రాములు అందాయా అనడిగితే మరియమ్మ గారి వైపు చూశారు. "షెడ్డు నుంచి సాయిబు గారు పంపించారు, నేనే చింపేశాను" అన్నారావిడ తడుముకోకుండా. "ఆ గుర్రాలొద్దు, ఆ మంటలొద్దు. ఉన్నదాంతో బతుకుతాం."

ఆవిడ పెట్టిన బొమ్మిడాయి చేపల పులుసు తింటూ, దానియేలు గారు తన కథంతా చెప్పారు. ఆయన తండ్రి వన్ టౌన్‌లో జట్కా తోలేవాడు. ఈయనకి పన్నెండేళ్ళకే పగ్గాలు చేతికొచ్చాయి. బెజవాడకి షూటింగుకొచ్చిన ఒక కంపెనీవాళ్ళ గుర్రం బెదిరి జనంలోకి పరిగెడితే ఈయన ఎగిరి దాని మెడ పట్టుకుని ఆపారట. అదే రోజు మద్రాసు రైలెక్కించారు. జానపదాల్లో సైనికుడు, తర్వాత హీరోలకి డూపు, కౌబాయ్ సినిమాలొచ్చాక బందిపోటు. "ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదండీ. పడేటప్పుడు భుజం ముందు ఆనించాలి. తల ఆనిస్తే నిజంగానే పోతాం" అని నవ్వారు. ఒక సినిమాలో ఒకే ఒక్క డైలాగు ఉందట. డబ్బింగులో దాన్ని కూడా ఇంకొకరి చేత చెప్పించారట. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు. "పన్నెండు పేజీలా? నిజంగానా?" అని రెండుసార్లు అడిగారు. మరియమ్మ గారు సంచీలో ఆయన బట్టలు సర్దారు.

రెండున్నరకి బయల్దేరాం. సగం దూరం వచ్చాక దానియేలు గారికి ఉత్సాహం ఆగలేదు. "మస్తానూ, పగ్గాలిటివ్వు" అన్నారు. మస్తాన్‌కి ఆయన సినిమాలన్నీ తెలుసు. మురిసిపోతూ పక్కకి జరిగాడు. గుర్రం ఊపందుకుంది. నాకూ ఆలస్యం అవుతున్నట్టనిపించి, ఇంకొంచెం తొందరగా అన్నాను కూడా.

అప్పుడు ఎడమ పక్క పొలంలోంచి వరిగడ్డి బండి ఒకటి గట్టెక్కుతోంది. అది నాకు కనిపించింది, మస్తాన్‌కి కనిపించింది. దానియేలు గారు అటే తిరిగి ఉన్నట్టున్నా పగ్గాలు లాగలేదు. "బండి! ఎడం పక్కన బండి!" అని అరిచాను. ఆయన తల మొత్తం తిప్పి చూసేసరికి ఎద్దుల కొమ్ములు మా గుర్రం మెడ దగ్గరున్నాయి. గుర్రం ఒక్కసారిగా కుడి వైపుకి దూకింది. కుడి చక్రం గట్టు దాటి జారింది. జట్కా కాలువ మీదికి ఒరిగిపోయింది. నా కాళ్ళ కింద నీళ్ళు కనిపించాయి.

"కదలమాకండి" అన్నారు దానియేలు గారు. అరవలేదు. పగ్గాలు వదలకుండా ఎడమ వైపు మెట్టు మీదికి ఒళ్ళంతా వేలాడేసి, గుర్రంతో పిల్లాణ్ణి బుజ్జగించినట్టు మాట్లాడారు. అది వణుకుతూ నిలబడింది. ఒక అడుగు, ఇంకో అడుగు. చక్రం మట్టిని గీరుకుంటూ పైకొచ్చింది. గడ్డిబండి తోలేవాడు తిట్లన్నీ తిట్టి వెళ్ళిపోయాడు. మస్తాన్ పగ్గాలు వెనక్కి తీసుకున్నాడు.

కొంత దూరం పోయాక నేనే అడిగాను. "ఎడమ కన్ను ఎప్పటి నుంచి కనబడదండీ?"

"పోయినేడాది షూటింగులో. ఉత్తుత్తి తూటానే. ముఖానికి మరీ దగ్గరగా పేల్చారు." నా వైపు తిరిగి, "చెప్పమాకండి అసిస్టెంటు గారూ. గుర్రం మీద నాకు ఒక్క కన్ను చాలు. మనిషిగా చచ్చే వేషం ఇన్నాళ్ళకొచ్చింది" అన్నారు.

"గుర్రం మీద మీ ముందు ఒక పాప కూర్చోవాలండీ" అన్నాను. "ఆరేళ్ళది. కొండ అంచు మీద స్వారీ. ఆ సీను కోసమే మిమ్మల్ని అనుకున్నారు."

ఆయన సంచీ ఒళ్ళోకి లాక్కున్నారు. కంకిపాడులో బస్సెక్కాం. దారంతా నాకు ఒకటే గుంజాటన. చెబితే ఈయన బతుకు పోతుంది, ఉత్త చేతుల్తో వెళ్తే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ పాప.

అయిదింటికి విజయవాడ చేరి పోస్టాఫీసులో మద్రాసుకి ట్రంకు కాల్ బుక్ చేశాను, వస్తున్నామని చెప్పడానికి. కాల్ కలవడానికి గంట పట్టింది. బెంచీ మీద ఆయన మోకాళ్ళ మధ్య సంచీ పెట్టుకుని కూర్చున్నారు. కౌంటరులోంచి నా పేరు పిలిచారు. రిసీవరు తీసుకున్నాను. "దొరికాడా?" అన్నారు డైరెక్టరు గారు. "దొరికారండీ" అన్నాను. వెనక నుంచి ఒక చెయ్యి రిసీవరు అందుకుంది.

"దానియేలునండీ. నమస్కారం. నాకు ఎడమ కన్ను లేదండీ... అవునండీ, మొత్తం లేదు. పాపని నా ముందు కూర్చోపెట్టమాకండి. ఇంకో మనిషిని చూసుకోండి." అటు నుంచి చాలాసేపు ఏదో వినిపించింది. "సరేనండీ" అని పెట్టేశారు. "రమ్మంటున్నారు. వేషం మాత్రం అది కాదంట" అన్నారు. ఏడుంపావు బండి ఎక్కాం.

ఆ పన్నెండు పేజీలూ ఇంకొకరు చెప్పారు. పాపకి గుర్రమెక్కడం నేర్పింది దానియేలు గారు. ఆ సినిమాలో సారా కొట్టు ముసలాడిగా కౌంటరు వెనక ఒక్క సీనులో కనిపిస్తారు. సొంత గొంతుతో నాలుగు మాటలు చెప్పారు. ఆ తర్వాత గుర్రమెక్కని వేషాలు, తాతలూ గుమాస్తాలూ, చాలాకాలం వేశారు. ఎందులోనూ చావలేదు.

నా ఉద్యోగమూ నిలిచింది. కానీ ఆ రోజు రిసీవరు నా చేతిలోనే ఉండి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు. చెప్పి ఉండేవాణ్ణని నా పిల్లలతో చాలాసార్లు అన్నాను. ఆ గంటసేపు బెంచీ మీద నేను మనసులో సిద్ధం చేసుకున్న మాటల్లో మాత్రం ఆ కన్ను ఊసు లేదు. నా పక్కన కూర్చున్న మనిషి అదే గంటలో తన పన్నెండు పేజీలూ వదులుకున్నాడు.

అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: కంకిపాడు నుంచి లోపలి ఊళ్ళకి వెళ్తే, తిరుగు రైలుకి కనీసం రెండు గంటలు అదనంగా చేతిలో ఉంచుకోండి. కాలువ గట్ల మీద బండి తోలేవాళ్ళని తొందరపెట్టకండి.