ఏడు టీషర్టుల బొంత

ఆదిలాబాద్ పక్క పల్లెలో భూమన్న నలభై ఏళ్లు పత్తి పండించాడు. నూలు చొక్కా మాత్రం ఒక్కటీ కొనుక్కోలేదు. విత్తనాల కంపెనీలవాళ్లు ఏటా వానలకు ముందు మీటింగు పెట్టి, ఊరికే పంచే టీషర్టులతోనే కాలం వెళ్లదీశాడు. వాటి వీపు మీద 'అధిక దిగుబడి' అని అచ్చేసి ఉండేది. ఊరంతా దాన్ని చదివింది. తొడుక్కున్న మనిషికి మాత్రం అది ఎన్నడూ కనిపించలేదు.

మొన్న వానాకాలంలో ఆయన పోయాడు. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదన్నది ఆ ఊరి రాజ్యాంగం. ధోవతులు, కండువాలు వాగులో వదిలారు. ఏడు టీషర్టులను మాత్రం భార్య లచ్చవ్వ బియ్యం డబ్బాలో దాచింది. కూతురు జమున పట్టేసింది.

"గివెందుకు ఉంచినవే అవ్వా? నలుగురు ఏమంటరు?"

"గివి మీ బాపువి గావు బిడ్డా, విత్తనాలోళ్లయి. గాళ్లు మంచిగనే బతికున్నరు."

జమున ఈ వాదమంతా వింది. అయినా తీర్పు మారలేదు. "చలికాలం మళ్లొస్త. అప్పటికీ ఇంట్ల ఉన్నయనుకో, నేనే తీస్కపోయి వాగుల ఏస్త."

లచ్చవ్వ ఆలోచించింది. చీర బొంతలో పడ్డాక దాన్నెవరూ చీర అనరు. అదే న్యాయం టీషర్టుకూ వర్తించాలి. ఊళ్లో సగం మంది ఆమె కుట్టిన బొంతల కిందే పడుకుంటారు. పద్ధతి తెలిసిందే: బట్ట నేల మీద పరిచి, బిగబట్టి లాగి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, అంచు నుంచి నడిమికి కుట్టుకుంటూ రావాలి. ఏడింటినీ కోసి, అతికి, చీరల మీద పరిచి, చీరను లాగినట్టే బలంగా లాగింది. ఇరవై రోజులు కుట్టింది.

రాళ్లు తీసిన మరుక్షణం బొంత ముడుచుకుపోయింది. కాలిన అప్పడంలా మడతలు పడి, నేలకు ఆనకుండా లేచి కూర్చుంది.

పక్కింటి బాలవ్వ గడపలోనే ఆగిపోయింది. "భూమన్న బావకు ఇష్టం లేనట్టుందక్కా. వాగుల ఇడిచిపెట్టు."

ఆ మాట లచ్చవ్వకు తగిలింది. రెండు రోజులు సూది ముట్టలేదు. జమున వద్దంటే వాదించవచ్చు. ఆయనే వద్దంటే ఎవరితో వాదించాలి?

మూడోరోజు బొంత అంచు పట్టి ఊరికే లాగింది. సాగింది. వదిలింది. మళ్లీ ఎక్కడిదక్కడికే పోయింది. మరోసారి లాగింది. వానాకాలం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"ఓ బాలవ్వా, గిది కోపం గాదే. మీ బావ గుణమే గంత! సంతకు పోదాం లెవ్వంటే వాకిట్ల దాక అస్తుండె. జర ఇడిస్తే మళ్ల మంచం కాడికే."

నలభై ఏళ్లు లాగింది. లాగితే సాగాడు, అంతే, మారింది లేదు. కుట్టంతా విప్పేసింది. తన నూలు చీరలు రెండు అడుగున పరిచి, మీద టీషర్టులను అరచేత్తో సర్దింది. రాళ్లు పెట్టలేదు. ఎక్కడున్నది అక్కడే ఉండనిచ్చి కుట్టింది. కాళ్లవైపు చీరలు జానెడు తక్కువైతే, ఆ మేర టీషర్టు ఒక్కటే మిగిలింది.

చలికాలం జమున వచ్చింది. వస్తూనే బియ్యం డబ్బా తెరిచింది. బియ్యమే ఉన్నాయి. తృప్తిపడింది.

తెల్లారి చలికి బొంత కప్పుకుని కూర్చున్నప్పుడు ఆమె మోకాలి మీద 'దిగుబ' వరకే ఉన్న ముక్క కనిపించింది. చేత్తో తడిమింది. పొయ్యి దగ్గర లచ్చవ్వ ఊదడం ఆపేసింది.

జమున బొంతను పాదాల మీదికి లాక్కుంది. సాగింది. వదలగానే వెనక్కి పోయింది. మళ్లీ లాగింది.

"కాళ్లకు అందుతలేదే అవ్వా."

"గుంజకు బిడ్డా. ఎంత గుంజినా గంతే."

జమున బొంత అంచు వదిలేసింది. తర్వాత కాళ్లే ముడుచుకుంది.