మావయ్య పంపిన ఫోటోలు

"ఆ బీపీ నాదే. ఆయన నా చేతికి పట్టీ చుట్టి ఫోటో తీసేవారు," అంది అత్తయ్య, రాజమండ్రి ఆసుపత్రి వరండాలో. మా మరదలు చేతిలోని ఫోను దించి తల్లికేసి తిరిగింది.

ముందురోజు మావయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న బీపీ మెదడులోని సన్నని రక్తనాళాలను పాడుచేసిందనీ, స్కానింగులో పాత దెబ్బలు కూడా కనిపించాయనీ డాక్టరు చెప్పారు. మరదలు నమ్మలేదు. కాకినాడలో ఉద్యోగం చేసే ఆమెకు మావయ్య రోజూ బీపీ మిషను ఫోటో పంపేవారు. అంకెలు ఎప్పుడూ బాగానే ఉండేవి.

మావయ్య రామచంద్రపురం రైతు. మందుబిళ్ల మింగడం నామర్దా అనుకునేవారు. "నాకు బీపీ ఏంటండీ? నేను పదిమందికి తెప్పించే రకం!" అని నవ్వేవారు. ఆ నవ్వును మేమంతా నమ్మాం.

"నాన్నగారంటే సరే. నువ్వు కూడానా అమ్మా?"

"నువ్వు కంగారు పడతావని ఒట్టేయించుకున్నారే. మిషను కొన్నరోజు మాత్రం తనే చూసుకున్నారు. ఎంతుందండీ అంటే, పట్టీ విప్పేసి నవ్వారు."

ఆ రోజు ఎంతుందో మావయ్యకొక్కరికే తెలుసు. ఆయనకు ఇంకా మాట రాలేదు.