రేకు రాకెట్టు ఎడమ పక్క

దయ్యాలు, పూనకాలు, శకునాలు, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఇంట్లో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోతాను. ఉద్యోగమంతా ప్రభుత్వ సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. గీత వెంట్రుక మందం పక్కకు పోయినా చెరిపి మళ్ళీ గీసే పని అది. రోజూ డైరీ రాసుకోవడం చదువుకునే రోజుల నుంచీ అలవాటు. వాటిలో ఉన్నదంతా వానలు, కూరలు, ఆలస్యంగా వచ్చిన బస్సులు. ఈ ఒక్క సంగతినే వాటి మధ్య ఎలా ఇరికించాలో ఇన్నేళ్ళయినా తెలియలేదు.

అప్పటికి మా చిన్న దీవి దేశానికి స్వాతంత్ర్యం రాలేదు. మా అక్క నూకమ్మ భర్త సింహాద్రి బావ బెల్ ఎయిర్‌లో ఒక సినిమా హాల్లో ఆపరేటర్. మనిషి ఎప్పుడూ నవ్వుతూ, నవ్విస్తూ ఉండేవాడు. ఆయనకు రెండు అలవాట్లు ఉండేవి. కొత్త సినిమా డబ్బాలు రాగానే, జనం రాకముందే, ఉదయం ఒక్కడే కూర్చుని మొత్తం వేసుకుని చూసేవాడు. ఎక్కడైనా ఫిల్ము తెగి ఉంటే అతికించడానికి. రెండోది, ఆ సినిమా డబ్బాలను మిషను ముందు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి అమ్మోరి పేరున హారతి ఇచ్చేవాడు. హాలు యజమాని ముస్లిం. ఆయన కూడా కొబ్బరి ముక్క కోసం చెయ్యి చాపేవాడు.

ఒకసారి చంద్రుడి మీదికి వెళ్ళే రాకెట్టు సినిమా ఒకటి వచ్చింది. హారతి పళ్ళెం పక్కన, ఫిల్ము తుడిచే స్పిరిట్ సీసా మూత తీసి ఉంది. మంట ఎగిసి బావ ముఖానికి తగిలింది. డబ్బాలతో సహా గదిలో సగం కాలిపోయింది. ప్రాణం దక్కింది గానీ రెండు కళ్ళూ పోయాయి.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆయన మాట్లాడటం మానేశాడు. హారతి ఇస్తుంటేనే కళ్ళు తీసుకుంది కాబట్టి అమ్మోరికి తన మీద కోపం వచ్చిందని ఆయన నమ్మకం. అన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం తోసేసేవాడు. నేను ఉండే కాత్ర్ బోర్న్ ఊరి నుంచి ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. "ఈయన ఇలాగే ఎండిపోయి పోతాడురా తమ్ముడూ" అని అక్క వంటగదిలో నాతో అనేది. అది ఏడుపు గొంతు కాదు. లెక్క తేలిపోయినవాళ్ళు అనే మాట. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఏం తోచక ఒక ఆదివారం లాల్మతీలో బస్సు దిగి, చీనా దుకాణంలో ఒక రేకు రాకెట్టు బొమ్మ కొన్నాను. ఎర్ర రంగు, పసుపు చారలు, కింద చక్రాలు. నేల మీద గీసి వదిలితే బుర్రుమని పరిగెత్తుతుంది. తీసుకెళ్ళి బావ ఒళ్ళో పెట్టాను. ఆయన చేతులు దాని మీద కాసేపు తిరిగాయి. చక్రాల దగ్గర ఆగాయి.

"చక్రాలెందుకు? మీ గవర్నమాన్ వాళ్ళు ఆకాశంలో కూడా తారు రోడ్డు వేశారా?"

చాలా వారాల తరువాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. వంటగదిలో గిన్నె కింద పడిన చప్పుడు వినిపించింది.

"పా కుమ్‌సా, బామ్మర్దీ. ఇలా ఉండదు. నేను చూశాను కదా ఉదయం వేసుకుని. పొట్ట ఇంత లావు కాదు. ఇది గర్భంతో ఉన్న ఆవులా ఉంది."

ఆ బొమ్మను సినిమాలో ఉన్నట్టే చేసి ఇస్తానని అప్పుడే మాట ఇచ్చాను.

హాలు బయట అద్దాల పెట్టెలో ఆ సినిమా ఫోటోలు ఇంకా ఉన్నాయి. యజమాని అడగ్గానే ఇచ్చేశాడు. ఒక ఫోటోలో నిచ్చెన పక్కన మనిషి నిలబడి ఉన్నాడు. ఆ మనిషి ఎత్తును కొలతగా తీసుకుని మిగతా రాకెట్టు ఎంత ఉండాలో కాగితం మీద గీశాను. నా బొమ్మ పక్కన నిలబెడితే ఆ మనిషి బియ్యపు గింజంత ఉంటాడు. చక్రాలు, లోపలి యంత్రం పీకేశాను. పొట్ట కోసి సన్నం చేసి టంకం పెట్టాను. అతుకుల మీద పుట్టీ పూసి గరుకు కాగితంతో రుద్దాను. గుండుసూదుల తలలు నరికి రివెట్లుగా అతికించాను. సైకిల్ చువ్వలతో నిచ్చెన చేశాను. ఎరుపంతా గీకేసి బూడిద రంగు వేసి, లాంతరు మసి పట్టించాను. ఎంతో దూరం వెళ్ళొచ్చిన ఓడ కొత్తగా మెరవకూడదు కదా.

చిక్కు ఒకటే. ఫోటోలన్నీ కుడి పక్క నుంచి తీసినవి. ఎడమ పక్క ఎలా ఉంటుందో వాటిలో ఎక్కడా లేదు.

"ఎడమ పక్క నేను చెబుతాను" అన్నాడు బావ.

ఆదివారం ఆదివారం కొంత కొంత చెప్పేవాడు. నడుం దగ్గర చదరపు తలుపు. దాని పైన, చొక్కాకు మాసిక వేసినట్టు, ఏటవాలుగా అతికిన రేకు ముక్క. నిచ్చెనకు అడుగు మెట్టు లేదు, విరిగిపోయింది. నేను చేసుకుని వెళితే వేళ్ళతో తడిమి తప్పులు పట్టేవాడు. "ఇంకా ఏటవాలుగా. నువ్వు స్కేలు పెట్టి అతికించావు, మొసియే దొరా. స్కేలు ఆఫీసులో వదిలి రా." ఈ తగాదాల మధ్యలో అక్క కంచం తెచ్చి పెడితే గమనించకుండానే మొత్తం తినేసేవాడు. అక్క నాకు కళ్ళతో సైగ చేసేది, ఆపకు, మాట్లాడిస్తూ ఉండు అని.

ఒక ఆదివారం ఆయన ముందే కూర్చుని ఎడమ రెక్కను సరిచేస్తుంటే రంపం బ్లేడు జారింది. రెక్క మొదట్లో వంకరగా, కొక్కెంలా ఒక గాటు పడింది. విసుక్కుని పుట్టీ డబ్బా తీశాను. ఆయన వేలు వచ్చి ఆ గాటు మీద ఆగింది.

"పూడ్చకు. ఇది ఉంది."

"లేదు బావా, ఇప్పుడే నా చెయ్యి జారింది."

"జారితే జారనీ. ఉంది."

వదిలేశాను. ఆయన సంతోషం కోసం ఇంత పాటు పడ్డాక, ఆ ఒక్క గాటు దగ్గర వాదన ఎందుకని.

బొమ్మ పూర్తయ్యేసరికి బావ మామూలు మనిషయ్యాడు. గుడిలో శనివారం భజనలో తాళం పట్టుకున్నాడు. తరువాత భజన నడిపించేవాడే ఆయనయ్యాడు. రాకెట్టు ఆయన మంచం పక్కన బల్ల మీద ఉండేది.

స్వాతంత్ర్యం వచ్చి మాకు కొత్త జెండా ఎగిరిన తరువాత, ఆ పాత సినిమా కాత్ర్ బోర్న్‌లో తెప్పించి వేస్తున్నారని గోడ మీద పోస్టరు చూశాను. ఆ రోజు కాలిపోయింది కాబట్టి మా వైపు ఎవరూ దాన్ని చూడలేదు. బావ సంతోషిస్తాడని పరుగున వెళ్ళి చెప్పాను. ఆయన రానన్నాడు. తలనొప్పి అన్నాడు, బస్సులో కుదుపులన్నాడు. నేను వినలేదు. మధ్యాహ్నం ఆటకు పక్కన కూర్చోబెట్టుకుని, తెర మీద జరిగేది చెవిలో చెబుతూ ఉన్నాను.

సగం సినిమా దాకా రాకెట్టు కుడి పక్కే కనిపించింది. తరువాత అది చంద్రుడి మీద దిగింది. కెమెరా దాని చుట్టూ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

ముందు చదరపు తలుపు కనిపించింది. దాని పైన ఏటవాలు రేకు ముక్క. అడుగు మెట్టు లేని నిచ్చెన. ఇంతవరకూ నాకు ఆనందమే. బావ జ్ఞాపకశక్తికి దండం పెట్టుకున్నాను.

తరువాత ఎడమ రెక్క వచ్చింది. దాని మొదట్లో వంకరగా, కొక్కెంలా, గాటు.

నేను లేచి నిలబడ్డానని నాకు తెలియదు. వెనక ఎవరో "ఆసిజె, మొసియే! కూర్చో! నీ వీపు చూడ్డానికి రాలేదు!" అని అరిచారు. కూర్చున్నాను.

"బావా, గాటు ఉంది."

"ఏ గాటు?"

"నా చెయ్యి జారిన గాటు. తలుపు, మాసిక, అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. గాటు కూడా ఉంది."

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇంటికి పోదాం" అన్నాడు. సినిమా మధ్యలోనే బయటకు వచ్చాం.

బజారు పక్కన బస్సు కోసం ఎండలో నిలబడ్డాం. కూరగాయలవాళ్ళు కేకలు వేస్తున్నారు. అప్పుడు చెప్పాడు.

"మో పా తి త్రువే, బామ్మర్దీ. నేను చూడలేదు."

"ఏది?"

"ఆ సినిమా. ఆ రోజు హారతి ముందు ఇచ్చాను. తరువాత చూద్దామనుకున్నాను. డబ్బా మూత కూడా తియ్యలేదు. అలాగే కాలిపోయాయి."

"మరి ఎడమ పక్క?"

"నోటికొచ్చింది చెప్పాను. ఏదో ఒకటి చెప్పకపోతే బొమ్మ అయిపోతుంది, నువ్వు రావడం మానేస్తావు. నువ్వు రాని ఆదివారం నేను ఏం చేసుకునేవాణ్ణి?"

ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఆటపట్టిస్తున్న మనిషి ముఖం కాదు అది. బస్సు ఎక్కాక చాలాసేపటికి, "తరువాత ఏమవుతుంది? వాళ్ళు తిరిగి వస్తారా?" అని అడిగాడు. ఆ కథ ఆయనకు నిజంగానే తెలియదని అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, బొమ్మను తువ్వాలులో చుట్టుకుని మళ్ళీ అదే ఆటకు వెళ్ళాను. తెర వెలుగులో పక్కపక్కన పెట్టి చూశాను. గాటు వంపు ఒకటే. రెక్క మొదలు నుంచి దానికున్న దూరం ఒకటే. హాలు యజమానిని అడిగాను, డబ్బాలు తెచ్చిన మనిషిని వెతికి పట్టుకుని అడిగాను. ఆ సినిమాను అంతకుముందు మా దీవిలో ఎవరూ చూడలేదు. తలుపును, మాసికను, విరిగిన మెట్టును బావ ఎక్కడో విన్నాడని సర్దిచెప్పుకోవచ్చు. నా చేతిలో బ్లేడు జారుతుందని ఎవరు చెబుతారు?

ఆ రోజు నుంచి బావ చూడనిదాని గురించి ఒక్క మాట చెప్పలేదు. భజనలు పాడాడు, పాత సినిమాలు చెప్పాడు, జనాన్ని నవ్వించాడు. కానీ మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు, "అన్నయ్యా, ఎవరు పుడతారు, ఎవరి పోలిక?" అని వేళాకోళంగా అడిగితే, కర్ర వెతుక్కుంటూ లేచి బయటికి వెళ్ళిపోయాడు. తన నోటిని చూసి తనకే భయం పట్టుకుంది.

బావ చివరి రోజుల్లో ఒకనాడు మా అక్క మంచం మీద కూర్చుని ఆయన జుట్టు దువ్వుతోంది. నేను అక్కడే ఉన్నాను. ఆయన కళ్ళు పోయేనాటికి అక్కది చిన్న వయసు.

"నేనిప్పుడు ఎలా ఉన్నానో చెప్పు చూద్దాం" అంది నవ్వుతూ.

ఆయన గబుక్కున చేత్తో నోరు మూసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి చెయ్యి తీసి, "నేను చెప్పను నూకమ్మా. నువ్వే చెప్పు" అన్నాడు.

అక్క చెప్పింది. జుట్టు నెరిసిందని, పై పన్ను ఒకటి ఊడిందని, మెడ కింద చర్మం వేలాడుతోందని, దాచకుండా చెప్పింది. ఆయన చివరిదాకా విని, "బోన్, మంచిది. అయితే అలాగే ఉండు" అన్నాడు.

దీనికి కారణం ఏమిటో నాకు తెలియదు. ఎన్ని విధాలుగా ఆలోచించినా, ఆ గాటు దగ్గరికి వచ్చేసరికి నా తర్కం ఆగిపోతోంది.